‘మహిళలు’ అన్న మాట తీసేయాలా, పక్కన చోటివ్వాలా?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లాలో ఒక చిన్న మహిళా సంఘం. సెప్టెంబర్ 28న సురక్షిత గర్భస్రావ దినం సందర్భంగా నాలుగు పేజీల కరపత్రం వేద్దామనుకున్నాం. రాసే పని నాకు అప్పగించారు. ‘గర్భస్రావం మహిళల హక్కు’ అని హెడ్డింగ్ పెట్టాను. మాతో కలిసి పనిచేసే ఒక తమ్ముడు ట్రాన్స్ పురుషుడు, అంటే ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్నవాడు. చదివి, ‘ఇందులో నేను ఎక్కడున్నా అక్కా?’ అని అడిగాడు. ‘మహిళలు’ అన్నచోటల్లా ‘గర్భం దాల్చే వ్యక్తులు’ అని మార్చమన్నాడు. ఎనభైల నుంచి ఉద్యమంలో ఉన్న మా పెద్దక్కకు కోపం వచ్చింది. ‘ఆడదాని పేరు కాగితం మీదికి ఎక్కించడానికి జీవితమంతా కొట్లాడినం. ఇప్పుడు మన చేత్తో మనమే కొట్టేయాల్నా?’ అన్నారు. మాటా మాటా పెరిగింది. తమ్ముడు వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అక్క మీటింగులకు రావడం మానేశారు. ప్రెస్సుకు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి? అసలు మా ఊళ్లలో ఈ గొడవ అవసరమా?
— పేరు వద్దు

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. అవసరమే. మన దేశంలో గర్భస్రావ చట్టం కథంతా మాటల కథే. ఏ మాట రాస్తే ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు గుమ్మం బయట నిలబడిపోయారు అన్నదే అందులో అసలు విషయం. అలా బయట నిలబడినవాళ్లలో ముందు వరుసలో ఉన్నది పెళ్లికాని ఆడపిల్లలు. మీ పెద్దక్కతో మాట్లాడేటప్పుడు అక్కడినుంచి మొదలుపెట్టండి.

1971 నాటి ఎంటీపీ చట్టం, అంటే గర్భస్రావ చట్టం, తీసి చూడండి. గర్భం రాకుండా వాడిన సాధనం విఫలమైతే, ఆ గర్భం వల్ల కలిగే వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగానే భావించవచ్చని అందులో ఒక వివరణ ఉండేది. ఆ కారణం మీద గర్భం తీయించుకోవచ్చు. అయితే ఆ వివరణ ‘వివాహిత మహిళ లేదా ఆమె భర్త’ వాడిన సాధనం గురించే మాట్లాడింది. పెళ్లికాని అమ్మాయి ఆ కారణం చెప్పుకోవడానికి వీల్లేకుండా పోయింది. యాభై ఏళ్ల పాటు అట్లాగే నడిచింది. 2021 సవరణతో అది ‘ఏ మహిళ అయినా లేదా ఆమె భాగస్వామి’ అయింది. మారింది రెండు మూడు మాటలే. వాటి వల్ల ఎంతమంది లోపలికి రాగలిగారో ఆలోచించండి.

అప్పటికీ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. 20 నుంచి 24 వారాల మధ్య ఎవరెవరికి అవకాశం ఉందో నియమాల్లో ఒక జాబితా ఇచ్చారు. అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు ఇలా. ప్రేమించినవాడు వదిలేసి వెళ్లిపోయిన అవివాహిత ఆ జాబితాలో లేదు. 2022 జులైలో ఢిల్లీలో ఉంటున్న 25 ఏళ్ల అమ్మాయికి హైకోర్టులో సరిగ్గా ఇదే అడ్డొచ్చింది. సుప్రీంకోర్టు ముందు ఆమెకు మధ్యంతర ఊరట ఇచ్చింది. తర్వాత సెప్టెంబర్ 29న, పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ మధ్య ఇలాంటి తేడా చూపడం రాజ్యాంగానికి నిలవదని పూర్తి తీర్పు చెప్పింది.

మీ తమ్ముడికి చూపించాల్సిన మాట కూడా అదే తీర్పులో ఉంది. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, జస్టిస్ పార్దీవాలా ఉన్న ధర్మాసనం, తాము ‘మహిళ’ అని రాసినచోట సురక్షిత గర్భస్రావం అవసరమయ్యే ఇతర జెండర్ల వారు కూడా ఉన్నారని అర్థం చేసుకోవాలని విడిగా చెప్పింది. ఇంకా ఉంది. భర్త బలవంతం చేయడం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా, ఈ చట్టం వరకు, అత్యాచారం వల్ల వచ్చిన గర్భంగానే చూడాలని అదే తీర్పు చెప్పింది. పెళ్లికాని అమ్మాయి వేసిన కేసు అది. ఆమె వెనకాల పెళ్లయిన ఆవిడా, ట్రాన్స్ పురుషుడూ కూడా లోపలికి రాగలిగారు. ఒకరికి తలుపు తెరిస్తే ఇంకొకరికి మూసుకుపోతుందన్న భయం మీ సంఘంలో ఉంది కదా. ఈ ఒక్క కేసు చదివి వినిపిస్తే ఆ భయం సగం తగ్గుతుందని నా నమ్మకం.

2024లో మహారాష్ట్రకు చెందిన 14 ఏళ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ‘గర్భంతో ఉన్న వ్యక్తి’ అన్న మాటనే వాడి, ట్రాన్స్ పురుషులకూ, ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడని కొందరికీ గర్భం రావచ్చు కాబట్టే ఆ మాట వాడుతున్నామని చెప్పింది. అంటే దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే రెండేళ్ల తేడాలో రెండు పద్ధతులూ వాడింది. ఒకసారి ‘మహిళ’ అన్న మాట అర్థాన్ని వెడల్పు చేసింది. ఇంకోసారి మాటనే మార్చింది. కాబట్టి మీ తమ్ముడు అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అయినా ఆయన అడిగినట్టు ‘మహిళలు’ అన్నచోటల్లా ఆ మాట తీసేయొద్దనే అంటాను. పెద్దక్క కోపంలో న్యాయం ఉంది. దాన్ని ‘పాతకాలం మనిషి’ అని పక్కన పెట్టేయడం తప్పు.

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద ప్రయోగం జరుగుతున్నప్పుడు, అక్కడికి వచ్చిన పేద ఆడవాళ్లకు ఆ మందు గురించి, దాని దుష్ప్రభావాల గురించి సరిగా చెప్పడం లేదని బయటపెట్టింది హైదరాబాద్‌లోని ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘం. మరుసటి ఏడాది మిగతా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పట్లో ప్రభుత్వ కాగితాల్లో ఆ ఆడవాళ్లు ‘లబ్ధిదారులు’, ‘కేసులు’, ‘టార్గెట్లు’. వాళ్లు మనుషులనీ, ఆడమనుషులనీ, అడిగి తెలుసుకునే హక్కున్నవాళ్లనీ ఒప్పించడానికే ఆ తరం చాలా కష్టపడింది. మీ పెద్దక్క ఆ రోజుల నుంచి వచ్చినవారు. అందుకే ఆవిడ చెవికి ‘వ్యక్తులు’ అన్న మాట ప్రభుత్వ ఫైల్లోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

అందరికీ వర్తించే మాట ప్రతిసారీ న్యాయమైన మాటే కావాలని లేదు. ‘కుటుంబ నియంత్రణ’ తీసుకోండి. ఎంత సమానంగా ఉందో చూడండి! కుటుంబమట, నియంత్రణట. కత్తి కింద పడుకునేది మాత్రం ఒక్కరే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో నూటికి డెబ్బై మంది దాకా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో అరవై పైమాటే. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటో రెండో. ‘దంపతులు ఆపరేషన్ చేయించుకున్నారు’ అని రాస్తే వ్యాకరణం బాగానే ఉంటుంది, నిజమే ఉండదు.

2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఆపరేషన్ క్యాంపులకు వెళ్లినవాళ్లలో పదిమందికి పైగా చనిపోయారు. అందరూ ఆడవాళ్లే. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో ఆదేశించింది. ఆ తర్వాత కూడా, 2022 ఆగస్టులో, మన ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటి చోట ‘మహిళలు’ అనే రాయాలి. దెబ్బ ఆడవాళ్లని ఆడవాళ్లుగా చూసి కొట్టినప్పుడు ఆ పేరు చెప్పకపోతే కొట్టినవాడు తప్పించుకుంటాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని మీ తమ్ముడితో నిదానంగా మాట్లాడండి. ఈమధ్య కొందరు ‘గర్భసంచి ఉన్నవారు’ అని రాస్తున్నారు. శరీరంలో ఒక అవయవాన్ని పట్టుకుని మనిషికి పేరు పెడితే ఎట్లా ఉంటుందో, 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రిక అట్టమీద ఆడవాళ్లను యోని ఉన్న శరీరాలుగా చెప్పినప్పుడు వచ్చిన గొడవే చెబుతుంది. ఆ సంగతి అలా ఉంచి మన దగ్గరికి రండి. గర్భసంచి తీసేసిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది తొమ్మిది మంది దాకా ఉన్నారు. అదీ 49 ఏళ్ల లోపు వాళ్లలోనే. ముప్పై ఏళ్లకే కడుపునొప్పని వెళ్తే ‘క్యాన్సర్ వస్తుంది, తీసేద్దాం’ అని భయపెట్టి తీసేసిన కథలు మీ చుట్టుపక్కల తండాల్లో మీరు వినే ఉంటారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ అనవసర ఆపరేషన్లను అరికట్టమని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఆ అక్కలందరూ పునరుత్పత్తి హక్కులు పోగొట్టుకున్నవాళ్లే. ‘గర్భసంచి ఉన్నవారు’ అని హెడ్డింగ్ పెడితే, ఎవరినీ వదలకూడదనుకుని రాసిన మాట ముందు వాళ్లనే వదిలేస్తుంది.

ఇంతవరకు అక్క వైపు మాట్లాడినట్టుంది. ఇప్పుడు తమ్ముడి మాట.

అతని బాధ హెడ్డింగ్ గురించి మాత్రమే అని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చూస్తే అనిపించింది. నాలుగు పేజీల్లో అతనికి పనికొచ్చే సమాచారం ఒక్క వాక్యమైనా ఉందా? టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తీసుకుంటున్న ట్రాన్స్ పురుషులకు నెలసరి ఆగిపోవచ్చు, కానీ గర్భం రాదన్న గ్యారంటీ లేదు. అది గర్భనిరోధక మందు కాదు. ఈ సంగతి తెలియక, నెల తప్పిందో లేదో కనిపెట్టే దారి లేక, వారాలు గడిచిపోయేవాళ్లుంటారు. చట్టంలో ప్రతి గడువూ వారాల్లోనే ఉంటుంది కదా. ఇది రాయకపోతే ఒక మనిషి 24 వారాలు దాటేదాకా తెలుసుకోకుండా ఉండిపోవచ్చు. గుర్తింపు కార్డు మీద ‘పురుషుడు’ అని ఉన్న మనిషి స్త్రీల వార్డు ముందు చీటీ రాయించుకోవాలంటే ఎదురయ్యే చూపులు, నవ్వులు, వాచ్‌మన్ ఆపడం ఇవన్నీ వేరే. ప్రాణం మీదికి వచ్చినా దవాఖానకు వెళ్లకుండా ఉండిపోవడానికి అవి చాలు. అలాంటి మనిషికి మీ కరపత్రం ‘నువ్వు కూడా రావచ్చు, చట్టం నీ పక్కనుంది’ అని చెప్పాలి. ఆ మాట కోర్టు చెప్పింది, కానీ కోర్టు తీర్పులు మీ ఊళ్లో ఎవరూ చదవరు. కరపత్రం చదువుతారు.

ఇక్కడ నాకు తోచిన ఇంకో మాట. అక్కా, తమ్ముడూ ‘ఎవరి హక్కు’ అని కొట్లాడుకుంటున్నారు గానీ, చట్టం ఇప్పటిదాకా దీన్ని ఎవరి హక్కూ అనలేదు. గర్భస్రావం చేయించడం పాత ఐపీసీలో నేరమే, కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లోనూ నేరమే. ఎంటీపీ చట్టం చేసేదల్లా ఫలానా షరతుల్లో చేస్తే డాక్టర్‌కు శిక్ష లేదని చెప్పడం. బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. అయినా దవాఖానలో చివరి మాట డాక్టర్‌దే. ఇంకా చేతికి రాని ఆస్తికి వాటాలు పంచుకుంటూ అన్నదమ్ములు విడిపోయినట్టు ఉంది మీ గొడవ.

ఇద్దరికీ అడ్డుపడుతున్నది ఒకే మనిషి అనుకుంటే ఆ మనిషి పేరు ‘భర్త’. అంటే ఏ ఒక్క మొగుడో కాదు, దరఖాస్తులో ఉండే ఆ గడి. గర్భం తీయించుకోవడానికి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల సంతకం ఒక్కటే చాలునని చట్టం చెబుతోంది. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు మాత్రం సంరక్షకుల సంతకం కావాలి. భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు. అయినా ‘మీ ఆయన్ని తీసుకురామ్మా’ అనని దవాఖాన ఎక్కడుందో మీకే తెలియాలి. ఆ మాట విని పెళ్లయిన ఆవిడ వెనక్కి వెళ్లిపోతుంది, పెళ్లికాని అమ్మాయి అబద్ధం చెబుతుంది, మీ తమ్ముడు అసలు లైన్‌లోనే నిలబడడు. 2021లోనే వచ్చిన సరోగసీ (అద్దె గర్భం) చట్టం చూస్తే ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ చట్టం కింద పెళ్లయిన జంటలకు అవకాశముంది. ఒంటరి ఆడవాళ్లలో 35-45 ఏళ్ల మధ్య ఉన్న వితంతువులకు, విడాకులైనవాళ్లకు ఉంది. జీవితంలో పెళ్లే చేసుకోని స్త్రీకి లేదు. ట్రాన్స్ వ్యక్తులకూ లేదు. ఆమెనూ ఇతన్నీ ఒకే కారణంతో బయట నిలబెట్టారు: పక్కన మొగుడు గానీ, ఒకప్పుడు మొగుడుండిన గుర్తు గానీ లేకపోవడం.

ఇక ప్రభుత్వాల సంగతి. 1994 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనమని పిలుపులు వినిపిస్తున్నాయి. రేపు ఇంకేం అంటారో. హిజ్రాలు ఆడ వేషంలో తిరిగారని పోలీసులు పట్టుకెళ్లే అధికారమిచ్చిన నిజాం కాలం నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నేను అనుకుంటాను. ఎవరు ఎంతమందిని కనాలి, ఎవరు ఏ బట్ట కట్టాలి అన్నది పైనుంచి నిర్ణయించే అలవాటు ఒకటే.

సరే, కరపత్రం దగ్గరికి వద్దాం. మాట తీసేయకుండా మాట చేర్చే దారి ఒకటుంది. 2020 డిసెంబర్ 30న అర్జెంటీనా సెనేట్ గర్భస్రావ చట్టాన్ని ఆమోదించింది. మెడలో ఆకుపచ్చ రుమాళ్లు కట్టుకుని ఏళ్ల తరబడి వీధుల్లో నిలబడ్డ ఆడవాళ్లు సాధించిన చట్టం అది. ఆ చట్టం ముందు ‘మహిళలు’ అంటుంది, వెంటనే ‘గర్భం దాల్చగల ఇతర జెండర్ గుర్తింపుల వారు’ అని చేరుస్తుంది. కాథలిక్ చర్చికి అంత పట్టున్న దేశంలో, గెలుపు అంచున నిలబడి కూడా వాళ్లు ట్రాన్స్ మిత్రులను ‘మీ సంగతి తర్వాత చూద్దాం’ అనలేదు. మహిళల పేరూ వదులుకోలేదు. 2021లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ప్రసూతి ఆస్పత్రులు కూడా ‘మహిళలు, ప్రసవించే ఇతరులు’ అన్న తరహాలో రెండూ కలిపే రాయడం మొదలుపెట్టాయి.

మీ హెడ్డింగ్ ఇలా పెట్టి చూడండి: ‘గర్భం ఉంచుకోవాలా వద్దా — నిర్ణయం మోసేవాళ్లది.’ కింద చిన్న అక్షరాల్లో: ‘మహిళలకు, గర్భం దాల్చే ట్రాన్స్ పురుషులకు, ఇతరులకు చట్టం ఏం చెబుతోంది?’ లోపలి పేజీల్లో ప్రతి వాక్యంలోనూ ఈ పొడుగు జాబితా రాయనక్కర్లేదు, చదివేవాళ్లకు విసుగొస్తుంది. సలహా చెప్పేచోట నేరుగా ‘మీరు’ అనండి. ‘మీ గర్భం 20 వారాల లోపైతే ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాలైతే కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆ తర్వాత పిండంలో తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది.’ ఇందులో ఆడా లేదు మగా లేదు, ఎవరు చదివినా తమ గురించే అనుకుంటారు. ‘గర్భిణులు’ అనేచోట ‘కడుపుతో ఉన్నవారు’ అంటే మీ ఊరి అవ్వకూ అర్థమవుతుంది, తమ్ముడికీ అభ్యంతరం ఉండదు. ‘గర్భం దాల్చే వ్యక్తులు’ ఒక్కటే అన్నిచోట్లా పెడితే మాత్రం, మీ కూలి అక్కలు అది ఇంకెవరి గురించో అనుకుని కాగితం మడిచి పెడతారు. ఎవరికోసం వేశారో వాళ్లే చదవకపోతే ఏం లాభం?

కు.ని. ఆపరేషన్ల గురించి, గర్భసంచి తీసేయడం గురించి, భర్త సంతకం గురించి రాసే పేజీలో మొహమాటం లేకుండా ‘ఆడవాళ్లు’, ‘మహిళలు’ అని రాయండి. ట్రాన్స్ పురుషుల గురించి ఒక పేరా విడిగా ఉండాలి. దాన్ని మీరు రాయొద్దు, తమ్ముడితో రాయించండి.

మాటల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒకటి. మీ డ్రాఫ్ట్‌లో ఎక్కడైనా ‘భ్రూణహత్య’ అని ఉంటే ముందు అది తీసేయండి. స్కానింగ్ సెంటర్ల గోడల మీద లింగ నిర్ధారణ నేరమని రాసిన బోర్డులు చూసీ చూసీ, గర్భస్రావమే నేరమని నమ్మేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆడపిల్లో మగపిల్లాడో చెప్పడం 1994 చట్టం కింద నేరం. గర్భం తీయించుకోవడం వేరే చట్టం, వేరే సంగతి. హత్య అన్న మాట చదివిన పిల్ల భయపడి మందుల షాపు వెనక దారి వెతుక్కుంటుంది. మీ సంఘంలో మాటల మీద ఒక్క పెద్ద గొడవ జరగాలంటే దీని మీద జరగాలి.

ఇక మనుషుల సంగతి. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి పంచాయితీ పెట్టొద్దు. అది ఎవరు గెలిచారన్న దగ్గరికి పోతుంది. ముందు తమ్ముడికి ఫోన్ చేయండి, గ్రూపులో మెసేజ్ పెట్టడం కాదు. ‘మా డ్రాఫ్ట్‌లో నీకు ఉపయోగపడే సమాచారం లేదు, ఆ పేరా నువ్వే రాయాలి’ అని చెప్పండి. దవాఖానలో తనకో, తన స్నేహితులకో ఎదురైనవి పేర్లు లేకుండా రాయమనండి. అక్క అన్న మాటలకు మీరు క్షమాపణ చెప్పకండి. అది అక్క ఇష్టం, ఆవిడ తరఫున మీరు చెబితే ఇద్దరికీ కోపమొస్తుంది.

తర్వాత అక్క ఇంటికి వెళ్లండి. ఆవిడను ఒప్పించడానికి వెళ్లకండి, ఆ పాత రోజుల గురించి కరపత్రంలో అరపేజీ రాసిపెట్టమని అడగడానికి వెళ్లండి. పటాన్‌చెరులో ఏం జరిగిందో మీ గ్రూపులో ఇరవై ఏళ్ల పిల్లలకు తెలియదు, తమ్ముడికీ తెలియకపోవచ్చు. తన పేరు, తన తరం పేరు చెరిగిపోవట్లేదని కళ్లతో చూసుకున్న మనిషి పక్కన ఇంకొకరికి చోటివ్వడానికి అంతగా జంకదు. ఢిల్లీ అమ్మాయి కేసు గురించి అప్పుడు చెప్పండి. ఒకప్పుడు ‘పెళ్లికానివాళ్ల సంగతి ఇప్పుడెందుకు, ఉద్యమం పలచబడుతుంది’ అన్నవాళ్లు కూడా ఉండే ఉంటారు కదా అక్కా అని అడగండి. జవాబు ఆవిడే చెబుతారు.

అంతా అయ్యాక కూడా అక్క ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కూడా తమ్ముడి పేరా తీసేయకండి. హెడ్డింగ్ మీద రాజీ పడొచ్చు, కావాలంటే ‘మహిళల హక్కు’ అనే పెట్టి కింద రెండో లైన్ చేర్చండి. లోపలి సమాచారం మీద రాజీ లేదు. అక్కకు హెడ్డింగ్ నచ్చకపోతే మనసు నొచ్చుకుంటుంది, అంతే. ఆ పేరా లేకపోతే ఎవరికో ప్రాణం మీదికి రావచ్చు. ఆ రెండూ సమానం కావు, నా మటుకు నేను ఈ మాట గట్టిగానే చెప్తాను. తమ్ముడికి కూడా ఒక మాట చెప్పాలి: అక్క నోటి వెంట సరైన మాట రావడానికి టైం పట్టొచ్చు. దవాఖానకు తోడు రమ్మంటే ఆవిడ వస్తారా రారా అన్నది చూసుకోమనండి. నాకు తెలిసి ఆ తరం అక్కలు నోటికి ఎంత కటువో, రాత్రి రెండింటికి ఆటో పిలిపించుకుని రావడంలో అంత ముందుంటారు.

చివరి పేజీలో ఫోన్ నంబర్ పెడుతున్నారు కదా. ఆ ఫోన్ ఎత్తేవాళ్లతో ఒక పూట కూర్చోండి. ‘చెప్పమ్మా’ అనకుండా ‘చెప్పండి’ అనమనండి. పెళ్లయిందా అని మొదటి ప్రశ్న అడగొద్దు. ఎన్ని వారాలు, ఒంట్లో ఎలా ఉంది, పక్కన ఎవరైనా ఉన్నారా, ఇవి ముందు. ఫోన్ చేసినవాళ్ల పేరు, వివరాలు ఎవరికీ చెప్పకూడదు, గోప్యత ఎంటీపీ చట్టంలో కూడా ఉంది. ఇంకొకటి, ఇలాంటి నంబర్లకు మగ గొంతు వినిపిస్తే ఎవరో ఆకతాయి అనుకుని పెట్టేయడం అలవాటు. పెట్టేయొద్దని చెప్పండి. ‘ఎవరి కోసం అడుగుతున్నారు?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగమనండి.